హెల్మెట్ కాయని చోటు

తిప్పేష్ సెల్ టవర్లెక్కి యాంటెన్నాలు బిగిస్తాడు. అతని క్షేమం విషయంలో కాంట్రాక్టరు ఏ లోటూ చేయలేదు. తలకు హెల్మెట్, నడుముకు బెల్టు, చేతులకు గ్లౌజులు ఇచ్చాడు. సిగ్నల్ పోతే జనం తిడతారని యాంటెన్నాలను మాత్రం ఆపకుండానే వాటి ముందు పని చేయించేవాడు. ఎనిమిదేళ్ళుగా తిప్పేష్ తల భద్రంగా ఉంది.

పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. వైద్యమంతా భార్య చౌడేశ్వరికే జరిగింది. శనివారాలు పరగడుపున చేదు కషాయం, ఒంటిపూట భోజనం, మెడలో మూడు తాయెత్తులు. అత్త నల్లమ్మ దేనికీ వెనుకాడలేదు. మింగేది కోడలే కదా. తాను పస్తున్న రోజున కూడా చౌడేశ్వరి మొగుడి క్యారియర్‌లో పెరుగన్నం పక్కన ఎర్రగడ్డ కోసి పెట్టేది. ఒక శనివారం టవర్ కింద కూర్చుని అది తింటుంటే తిప్పేష్‌కు సిగ్గేసింది. ఎవరికీ చెప్పకుండా అనంతపురం వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు.

"కౌంటు బాగా తక్కువుంది," అంది డాక్టరమ్మ. "టవరే కారణమని ఖాయంగా చెప్పలేను. ఆ తరంగాలు కావచ్చు, ఎండ కావచ్చు. మూడు నెలలు టవర్ ఎక్కకుండా ఉండి మళ్ళీ రా."

గురువారం నుంచి ఆ రిపోర్టు కాగితం అతని జేబులో నలుగుతూనే ఉంది. ఆదివారం పొద్దున నల్లమ్మ తమ్ముడు పుల్లన్న కొత్త తువ్వాలు వేసుకుని దిగాడు. తిప్పేష్ రెండో పెళ్ళికి గోరంట్లలో పిల్లను చూశాడట.

"పద అల్లుడా, బస్సు టైమైతాంది. ఈయమ్మను దావలో పుట్టింట్లో దిగబెట్టి పోదాం."

చౌడేశ్వరి ఆ మాట వింటూనే టీ గ్లాసు పుల్లన్న చేతికిచ్చింది. ఆయనకు షుగరుందని చక్కెర వేయలేదు.

తిప్పేష్ కాగితం తీశాడు. "యాడికీ వద్దు మామా. లోపం నాలో ఉండాది. ఇద్దో రిపోర్టు."

పుల్లన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నల్లమ్మ కొడుకు మొహం చూసింది.

"టవర్ మింద పని కదప్పా," అంది. "రేడియేషన్ ఉంటాదంట. టీవీలో చెప్పినారు."

ఆరేళ్ళు దోషమై, శాపమై, పోయిన జన్మ పాపమైన జబ్బు అరనిమిషంలో సైన్సయిపోయింది.

"ఖాయంగా చెప్పలేమన్నారమ్మా," అన్నాడు తిప్పేష్.

"ఎందుకు చెప్పలేరు? కంపెనీ మింద కేసేద్దామక్కా," అన్నాడు పుల్లన్న.

"నా మింద ఎవురూ కేసెయ్యలేదు. అంతవరకు సంతోషం మామా," అంది చౌడేశ్వరి.

పుల్లన్న టీ తాగి ఒక్కడే బస్సెక్కాడు. కాంట్రాక్టరు గొణుక్కుంటూనే మూడు నెలలు నేల మీద కేబుళ్ళ పని ఇచ్చాడు.

శనివారం వచ్చింది. అలవాటు కొద్దీ కషాయం కాచిన నల్లమ్మ గ్లాసు పట్టుకుని నడింట్లో ఆగిపోయింది.

"నాకియ్యమ్మా, తాగుతా," అన్నాడు తిప్పేష్.

"నీకెందుకు నాయనా," అంది నల్లమ్మ. "శానా చేదుగా ఉంటాది."

వంటింట్లో చౌడేశ్వరి వేడి సంగటి ముద్ద రెండోది పెట్టుకుంటోంది.