నడుమ ఆడే మనోజ

మనోజ మొదటిసారి మా క్లినిక్‌కి వచ్చిన రోజు హాల్లో ఇద్దరు నటులు, ఒక ఫైట్ మాస్టర్ కూర్చుని ఉన్నారు. జూబ్లీ హిల్స్‌లో నేను పదిహేనేళ్ళుగా ఫిజియోథెరపిస్టుని. సినిమావాళ్ళ నడుములు, భుజాలు, మడమలు నాకు వాళ్ళ ముఖాల కంటే బాగా తెలుసు. చంకల కింద కర్రలతో, తండ్రి వెనకాల మెల్లగా నడుస్తూ వచ్చిన ఆ ఇరవయ్యారేళ్ళ అమ్మాయిని మాత్రం అక్కడెవరూ గుర్తుపట్టలేదు. నేనూ గుర్తుపట్టలేదు. ఏడేళ్ళలో మూడు ఫుట్‌బాల్ క్లబ్బులకు మైదానం నడుమ, మిడ్‌ఫీల్డర్‌గా ఆడిందని ఫైలు చూశాకే తెలిసింది.

ఎడమ మోకాలిలో లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయి పన్నెండు రోజులు.

"ఎవరైనా వచ్చి గుద్దారా?" అని అడిగాను.

"ఎవ్వలు తాకలే మేడం. తడి గడ్డి. బాల్ వచ్చేలోపే తిరిగిన. నేను తిరిగిన గని కాలు తిరగలే."

తండ్రి రాఘవేంద్ర ఫిలింనగర్‌లో సెట్లు వేసే వడ్రంగి. ఇల్లు బోరబండ. ఆయన గోడకి ఆనుకుని నిలబడి, కూతురికి వినిపించకూడదన్నట్టు మెల్లగా అడిగాడు. "మా బిడ్డ మల్ల ఆడుతదా మేడం?"

"ముందు మామూలుగా నడవనివ్వండి. తర్వాత కోచింగ్ వైపు వెళ్ళొచ్చు కదండీ, పిల్లలకి నేర్పించుకోవచ్చు," అన్నాను. అది అందరికీ చెప్పే మాటే.

మనోజ తలెత్తింది. "నేర్పుత మేడం. ముప్ఫై ఐదేండ్లు వచ్చినంక. ఇప్పుడైతే జర ఈ మోకాలు సంగతి చూడుండ్రి."

ఆ మర్నాటి నుంచి వారానికి ఆరు రోజులు వచ్చేది. బోరబండలో బస్సెక్కి, దిగి, మా వీధి ఎత్తంతా కర్రల మీదే ఎక్కి, ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందే. కాలు మడిచేటప్పుడు నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అయినా ఆపమనేది కాదు. నొప్పి నుంచి మనసు మళ్ళించడానికి ఏవో కబుర్లు అడిగేదాన్ని. ఆట ఎక్కడ నేర్చుకున్నావంటే, బోరబండలో ఏటవాలుగా ఉండే ఒక మైదానం గురించి చెప్పింది.

"బాల్ జారిందంటే కిందికి రైలు పట్టాల దాంక పోతది. పోగొట్టినోళ్ళే దిగి తేవాలె. రెండుసార్లు దిగి ఎక్కినంక, బాల్‌ను కాలు కాడికెల్లి వదలబుద్ధి కాదు."

పక్క బల్ల మీద తొడ కండరం పట్టేసి వచ్చిన శ్రీకృష్ణ అనే కుర్ర హీరో ఇది వింటున్నాడు. "ఇప్పటికి ఎన్ని గోల్స్ కొట్టారండీ?" అన్నాడు.

"పదకొండు."

"ఏడేళ్ళలోనా?" అని నవ్వేశాడు.

"ఔ సార్. గోల్ కొట్టేటోళ్ళకు బాల్ ఎవరన్న తెచ్చియ్యాలె గద. ఆ పని నాది." కోపం లేకుండా, లెక్కల టీచర్ చెప్పినట్టు చెప్పింది. అతను నవ్వు ఆపేశాడు. తర్వాత రెండు వారాలూ ఆమె వచ్చే వేళకే వచ్చి, ఆమె ఎన్నిసార్లు కాలెత్తితే తనూ అన్నిసార్లు ఎత్తాలని పంతం పట్టాడు. ఒక్కరోజూ గెలవలేదు.

నాలుగో నెలలో ఒకనాడు అన్నీ ఎప్పటిలాగే చేసింది. చివర్న మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చున్నాక అంది. "క్లబ్బోళ్ళు నా పేరు తీసేసిండ్రు మేడం. పొద్దుగాల మెయిల్ వచ్చింది."

నేను కరిగిన ఐసు తీసి కొత్తది పెట్టాను.

"రేపు ఎన్ని గంటలకు రావాలె?" అని అడిగింది.

ఏడో నెలలో ఇంకో క్లబ్బు కోచ్ ఫోన్ చేశాడట. శనివారం ట్రయల్స్, నచ్చితే ఈ సీజన్‌కే తీసుకుంటామని. నేను ఒంటికాలి మీద గెంతించి కొలిచాను. కుడికాలి బలంలో ఎడమకాలిది నూటికి ఎనభై నాలుగు. తొంభై దాటితే గాని మైదానంలోకి పంపను. ఆడొచ్చన్న కాగితం మీద సంతకం పెట్టనన్నాను.

అప్పటిదాకా ఆమెకి కోపం వస్తుందని నాకు తెలియదు. "పోయిన నెల ఒక పెద్ద హీరోకు ఫైట్ చేయనీకి ఒప్పుకున్నరు గద! ఆయన మోకాలు నా దాని కంటె అధ్వానం!"

"ఆయనకి డూప్ ఉన్నాడమ్మా. నీకు లేడు."

బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. తొందరపడి ట్రయల్స్‌కి వెళ్ళిపోయిందేమోనని వెంగళరావు నగర్‌లో మా ఇంట్లో కూర్చుని నేను సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు పొద్దున క్లినిక్ తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో నోటుబుక్కుతో.

"ట్రయల్స్‌కు పోలే మేడం. మా బోరబండ మైదానం పక్కకు మా మేనత్త వాళ్ళ ఇల్లుంది. రెండు దినాలు డాబా మీదికెక్కి పోరగాండ్ల ఆట చూసిన," అంటూ పేజీ తిప్పి చూపించింది. నిండా చుక్కలు, గీతలు. "పైకెల్లి చూస్తే ఖాళీ జాగలు కనబడ్తయ్ మేడం. ఇన్నేండ్లు నేను ఉరికి ఉరికి పట్టుకున్న జాగలే. ఎక్కడ ఖాళీ అయితదో ముందే తెలిస్తే, ఆడనే నిలబడొచ్చు. కొంచెం వెనక ఆడుత. డిఫెండర్ల ముందు."

మోకాలు బాగయ్యేదాకా ఆట ఆగిపోతుందని నేను అనుకున్నాను. ఆమె ఆ రెండు రోజుల్లో తన ఆటను విప్పి, మళ్ళీ మొదటి నుంచి పేర్చుకుంది. అంత బాధలో ఉన్న మనిషికి అంత నిదానం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పదో నెలలో కొలత తొంభై ఆరు వచ్చింది. సంతకం పెట్టాను. కొత్తగా పుట్టిన ఒక చిన్న క్లబ్బు ఆమెను తీసుకుంది. మొదటి మ్యాచ్‌లో ఆఖరి పన్నెండు నిమిషాలే ఆడనిచ్చారు. నెల తిరిగేసరికి సగం ఆట, ఆపైన పూర్తి ఆట.

మరుసటి ఏడాది లీగ్ మ్యాచ్‌లు కొన్ని హైదరాబాద్‌లో పడ్డాయి. అందులో ఒకటి ఆమెను తీసేసిన క్లబ్బుతోనే. రాఘవేంద్ర సెట్టు పనికి ఒక పూట సెలవు పెట్టి వచ్చాడు. కూతురు క్లబ్బు మ్యాచ్ ఆడటం ఆయన కళ్ళారా చూడటం అదే మొదటిసారి. నా పక్కనే కూర్చున్నాడు.

"గోల్ ఎప్పుడు కొడ్తది మేడం?"

"తను కొట్టదండీ. కొట్టిస్తుంది."

అదేమిటన్నట్టు చూసి, మళ్ళీ ఆట వైపు తిరిగాడు. అరగంట గడిచాక ముందుకి వంగాడు. "సూడుండ్రి. అందరు దాని దిక్కు సూసుకుంటనే కదులుతుండ్రు. సెట్టు మీద మా పెద్ద మేస్త్రి లెక్క."

అరవై మూడో నిమిషంలో బంతి ఇంకా దూరంగా ఉండగానే మనోజ కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. బంతి అందగానే ఎడమకాలి మీదే గిర్రున తిరిగింది. ఆపరేషన్ అయిన కాలు అదే. ఇద్దరి మధ్య జానెడు సందులోంచి బంతిని కుడి అంచుకి పంపింది. అక్కడున్న చిన్మయి అనే పిల్ల పరుగు ఆపకుండా దాన్ని గోలు ముందుకి కొట్టింది. మరొకామె తలతో నెట్టింది. గోల్! మైకులో ఆ ఇద్దరి పేర్లే చెప్పారు. అందరూ కేకలేస్తూ మూల జెండా దగ్గరికి పరిగెత్తుతుంటే, మనోజ మాత్రం అప్పుడే వెనక్కి వచ్చి చెయ్యెత్తి డిఫెండర్లను సర్దుతోంది. రాఘవేంద్ర చప్పట్లు కొట్టడం మర్చిపోయి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆఖర్లో అవతలివాళ్ళు ఒక గోల్ కొట్టారు. ఒకటికి ఒకటి. మ్యాచ్ అయ్యాక కంచె దగ్గరికి వచ్చిన మనోజ ముఖం ముడుచుకుని ఉంది.

"ఆ గోల్ నా తప్పే మేడం. ఒక్క అడుగు ఎడమకు నిలబడి ఉంటే ఆపుతుంటి."

"మోకాలు ఎలా ఉంది?" అన్నాను.

"మోకాలా?" అని కిందికి చూసుకుంది. "యాదికే లేదు." అప్పుడు నవ్వింది.

ఆ సీజన్ అయ్యాక పాత క్లబ్బు రమ్మని కబురు పంపింది. వెళ్ళలేదు. తనను నిలబెట్టిన చిన్న క్లబ్బులోనే ఉండి, రెండేళ్ళకు కెప్టెన్ అయింది. దేశం జట్టు శిబిరానికి ఒకసారి పిలుపొచ్చింది. ఒకే ఒక్క మ్యాచ్‌లో పద్దెనిమిది నిమిషాలు నీలం చొక్కా వేసుకుంది. ఇప్పుడు ముప్ఫై ఒకటి. పోయిన ఆదివారం కూడా తొంభై నిమిషాలూ ఆడింది.