గులాబీ లాగిన ఇల్లు

ఏటా జూలైలో, చలికి వేళ్ళు కొంకర్లు పోయే వారం చూసుకుని మరీ, హెస్టర్ ట్రెవిన్ నిచ్చెనెక్కి తన గులాబీ తీగను కత్తిరించేది. ముదురు కొమ్మలు తీసేసి, లేత కొమ్మల్ని గోడ వెంట అడ్డంగా వంచి కట్టేది. వంచితేనే తీగ పూస్తుంది. నిలువుగా వదిలేస్తే పొడుగు సాగుతుంది తప్ప మొగ్గ వెయ్యదు. మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, జూలైలో చలికాలం వచ్చే మా కొండవాలు ఊళ్ళో ఈ సంగతి పిల్లలకి కూడా తెలుసు.

ఆ పని కాగానే టేపు తెచ్చి ఇల్లు ఎంత జరిగిందో కొలుచుకునేది. ఏటా జానెడు. దుంగల మీద నిలిపిన ఆ చెక్క ఇంటిని తీగ తూర్పుకి, చెల్లెలు థెల్మా ఇంటివైపు లాక్కుపోతోంది. పోస్టుమాన్ కీత్ ఏటా ఉత్తరాల డబ్బాను జానెడు జరిపి పాతేవాడు. నీళ్ళ గొట్టానికి అతుకు వేసే ప్లంబరు ఒక్కడే సణుక్కునేవాడు.

ఆ గులాబీ పేరు ‘మిస్ హెస్టర్’. ఊరి చివర ఎస్టేటులో కొత్త గులాబీలు పుట్టించే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. కొత్త రకం పూసినప్పుడల్లా తెలిసిన ఆడవాళ్ళలో ఒకరి పేరు దానికి పెట్టి, మొక్కను ఊరికే ఇచ్చేసేవాడు. 1938 వసంతంలో అక్కచెల్లెళ్ళిద్దరూ ఆయనింటికి టీకి వెళ్ళారు. హెస్టర్ అందించిన స్కోన్లు, అంటే టీతో తినే మెత్తటి చిన్న రొట్టెలు, తిని, ఇంత వెన్నలాంటి చెయ్యి ఉన్న పిల్ల పేరే నా తీగకి తగునన్నాడాయన. ఆ స్కోన్లు చేసింది థెల్మా. హెస్టర్ మోసింది పళ్ళెం మాత్రమే. థెల్మా అక్క ముఖంలోకి చూస్తూ నిలబడింది. హెస్టర్ సిగ్గుపడుతూ థాంక్యూ చెప్పి మొక్క పుచ్చుకుంది.

సొమ్మొకరిది సోకొకరిది అని ఊరంతా నవ్వింది. థెల్మా నవ్వలేదు. ఆ ఏడే తన వాటా నేలలో వేరే ఇల్లు కట్టుకుని, అక్కతో మాట మానేసింది.

నలభై ఏళ్ళలో హెస్టర్ ఇల్లు ముప్పై అడుగులు నడిచింది. ఇంకా పదడుగులుంది. ఇల్లు చేరాక చెల్లెలితో మాట్లాడచ్చులే అనుకుంటూ హెస్టర్ డెబ్బై దాటింది.

ఆ జూన్‌లో కీత్ కబురు తెచ్చాడు. “మీ చెల్లెలు అక్టోబరు ఆఖర్న క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోతోందట. మేనల్లుడి దగ్గరికి. కీళ్ళకి వేడి కావాలట.”

హెస్టర్ వేళ్ళ మీద లెక్కేసింది. “ఇంకా పదమూడేళ్ళు పడుతుందే!”

“పదడుగులేగా మిస్ ట్రెవిన్! నడిచెళ్ళచ్చుగా?”

“అన్నీ కాళ్ళతో అయ్యే పనులే అయితే, నీ పెళ్ళాం పుట్టింటికెళ్ళి నెలైంది, నువ్వెందుకు వెళ్ళలేదురా?”

కీత్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జూలైలో హెస్టర్ నిచ్చెనెక్కింది. కత్తెర తీసుకెళ్ళలేదు. నలభై ఏళ్ళుగా కట్టిన కట్లన్నీ ఒక్కొక్కటే విప్పేసి, కొమ్మలన్నిటినీ తూర్పుకి వదిలేసింది. ఏటా అక్టోబరులో పూత చూడటానికి బస్సుల్లో జనం వచ్చేవాళ్ళు. ఆవిడ నీలం గౌను వేసుకుని, “నేనే మిస్ హెస్టర్‌ని” అంటూ ఫొటోలు దిగేది. ఈ ఏడు పూలుండవు, ఎవరూ రావద్దని గులాబీ సంఘానికి ఉత్తరం రాసింది. రాసి, చాలాసేపు ఏడ్చింది.

తీగ వారానికి జానెడు లాగింది. అల్మరాలో కప్పులు గలగలలాడుతూనే ఉన్నాయి. ప్లంబరు కోపగించుకుని రావడమే మానేశాడు.

ప్రయాణం నాటి ఉదయం థెల్మా టోపీ పెట్టుకుని, పెట్టె పట్టుకుని వీధి తలుపు తీసింది. ఎదురుగా అక్క వంటిల్లు, గుమ్మంలో అక్క. రెండు వరండాలూ చెక్కకి చెక్క ఆనుకున్నాయి, పక్కలంతా గులాబీ ముళ్ళే. తన ఇంటి వెనక తలుపుకి పాముల భయంతో ఏనాడో మేకులు కొట్టేసింది. అక్క ఇంటికి అవతల రోడ్డు మీద టాక్సీ హారన్ కొడుతోంది. వేరే దారి లేదు.

“నీ ఇల్లు నా దారికి అడ్డమొచ్చింది,” అంది థెల్మా. నలభై ఏళ్ళలో అదే మొదటి మాట.

“లోపల్నుంచి వెళ్ళు. అవతలి తలుపు తీసే ఉంచాను.”

థెల్మా వంటింట్లో అడుగుపెట్టింది. కిటికీ నిండా ఆకులే కనిపించి ఆగింది. “పూలేవీ?”

“వంచి కట్టలేదు. నీవైపు వదిలేశాను.”

“మరి బస్సులు?”

“రావద్దన్నాను.” హెస్టర్ చెల్లెలి వైపు తిరిగింది. “స్కోన్లు నువ్వే చేశావని ఆ రోజే చెప్పాల్సింది, థెల్మా. నా పేరు పువ్వుకి పెడతానంటే ఆశపడ్డాను. తర్వాత నీ ముఖం చూడ్డానికి సిగ్గేసింది.”

థెల్మా పెట్టెతో సహా అవతలి తలుపు దాకా నడిచింది. హెస్టర్ కళ్ళు మూసుకుంది.

“బాబూ, నువ్వెళ్ళిపో!” అని థెల్మా టాక్సీవాడికి కేకేయడం వినిపించింది.

హెస్టర్ కళ్ళు తెరిచేసరికి థెల్మా టోపీ తీసి బల్ల మీద పెడుతోంది.

“థెల్మా, అసలు ఆ రోజు ఏమైందంటే...”

“ఆపక్కా. అంతా ఇవాళే చెప్పేస్తే రేపేం మాట్లాడుకుంటాం?”