అద్దెచెయ్యి

తడి మాప్ ఉన్న బకెట్టును కాలితో గడప దాకా నెట్టి, రెండు ఫినాయిల్ డబ్బాలు వరండాలో పెట్టి అతను మళ్ళీ లోపలికి వచ్చాడు. ఇంకా చీపుళ్ళు మిగిలాయి. మూల మేకుకు వేలాడుతున్న గుడ్డపేలిక నిన్నటి నీళ్ళు ఇంకా కారుస్తోంది. మురిగిన గుడ్డ వాసన ముక్కుతో ఆగదు, నాలుక మీదికి దిగుతుంది. పంతొమ్మిదేళ్ళుగా పరీక్ష ఉన్న ప్రతి ఉదయం అతని మొదటి పని ఇదే. కాలేజీ లెక్కలో ఇది ‘ప్రత్యేక పరీక్షా మందిరం’. ఏడాదిలో నలభై రోజులు మందిరం, మిగతా రోజులు చీపుళ్ళ కొట్టు. గోడకవతల మగవాళ్ళ మరుగుదొడ్డి. అక్కడ ఎవరు నీళ్ళు వదిలినా ఇక్కడ గోడ గుడగుడలాడుతుంది.

తలుపు మీద మాత్రం కొత్త బోర్డు తళతళలాడుతోంది. ‘వారి గొంతు – మన బాధ్యత’. కింద వికలాంగ విద్యార్థుల సహాయ కేంద్రం మేడమ్ నవ్వుతున్న ఫొటో.

చూపు లేనివాళ్ళకూ, చెయ్యి మాట విననివాళ్ళకూ పరీక్షల్లో వాళ్ళు చెప్పింది రాసిపెట్టడం అతని ఉద్యోగం. మిగతా రోజుల్లో జిరాక్స్ షాపులో కూర్చుంటాడు. కాలేజీలో అతన్ని ‘అద్దెచెయ్యి’ అంటారు. మొదట వెక్కిరింతగా అన్నారు, తర్వాత అలవాటుగా. ఇప్పుడు ఫోనెత్తితే అతనే “అద్దెచెయ్యిని మాట్లాడుతున్నా” అంటాడు. యాభై రెండేళ్ళ పల్చటి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి జారి ఉంటుంది. మధ్యవేలి కణుపు పక్కన కలం ఒత్తీ ఒత్తీ శనగగింజంత కాయ కాచింది. పరీక్ష ఉన్నరోజు పొద్దున్నే అక్క ఆ చేతిని వేడినీళ్ళలో ముంచి, మెటికలు విరుస్తూ, విరిచినదానికొకటి చొప్పున తిడుతుంది.

“ఊరందరికీ పట్టాలు రాసిచ్చావు. నీకేదిరా ఒక్క కాగితం? దీపం కింద చీకటంటే నువ్వే.”

రాసేవాడు రాయించుకునేవాడికన్నా తక్కువ చదివి ఉండాలన్నది రూలు. అతను రెండుసార్లు డిగ్రీలో చేరాడు. రెండోసారి అప్పటి మేడమ్ “నువ్వు పాసైతే మాకు పనికిరావయ్యా” అంటూ నవ్వింది. అతనూ నవ్వి, ఆ పరీక్షలకు వెళ్ళలేదు. అరవై ఒక్కమందికి అతను చరిత్ర, వాణిజ్యం, జంతుశాస్త్రం రాశాడు. ఎవరు ఏ ప్రశ్నకు తడబడతారో వాళ్ళు నోరు తెరవకముందే తెలుస్తుంది. తెలియనట్టు కూర్చోవడమే కష్టమైన పని.

ఆ కష్టాన్ని ఒక్కసారి తప్పించుకున్నాడు. చాలా ఏళ్ళ కిందట చూపులేని కుర్రాడొకడు చరిత్ర పేపర్లో ఒక సంవత్సరం తప్పు చెప్పాడు. పాపమనిపించి అతను దాన్ని సరిచేసి రాశాడు. అక్కడితో ఆగక, కుంటుతున్న ఒక పేరాను కూడా తన మాటల్తో నిలబెట్టాడు. మార్కులు బాగా వచ్చాయి. కుర్రాడు జవాబుపత్రం నకలు తెప్పించి ఎవరిచేతనో చదివించుకున్నాడు. మర్నాడు కర్ర పొడుచుకుంటూ జిరాక్స్ షాపుకొచ్చి, నలుగురి ముందూ అడిగాడు.

“ఈ పేరా నాది కాదు. తప్పు చెప్పే నా హక్కును కూడా మీరే లాక్కుంటారా మాస్టారూ?”

ఆ రోజు తన చెయ్యంటే తనకే రోత పుట్టింది. అప్పట్నుంచి విన్నది రాయడమే. తప్పు చెబితే తప్పు, తుమ్మితే తుమ్ము.

తొమ్మిదిన్నరకు విద్యార్థులిద్దరూ వచ్చారు. మొదటిది జీవశాస్త్రం చివరి సంవత్సరం అమ్మాయి, చక్రాల కుర్చీలో. పుట్టుకతోనే కండరాలు పట్టు తప్పాయి. చేతులు తమ ఇష్టం వచ్చినట్టు లేస్తాయి, మాట గొంతులోంచి పెనుగులాడుతూ బయటికొస్తుంది. కొత్తవాళ్ళకు అది మూలుగులా వినిపిస్తుంది. అతనికి మూడేళ్ళ అలవాటు కాబట్టి గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఒక్కో మాటకు అంత కష్టపడే పిల్ల కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా వదలకుండా చెబుతుంది. అందుకే అతను ఆమెను ‘ఫుల్‌స్టాపమ్మ’ అంటాడు. ఆమె అతన్ని ‘బాబాయ్’ అంటుంది.

రెండోవాడు గణితం విద్యార్థి, ఇరవై నాలుగేళ్ళవాడు. ఆటిజం ఉంది. అతనికి రాసిపెట్టేవాళ్ళు అక్కర్లేదు, నిశ్శబ్దం కావాలి. చప్పుడు ఆపే హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చని అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. కాపలాకొచ్చిన లెక్చరరు ఆ కాగితం చదవకుండానే హెడ్‌ఫోన్లు లాక్కుని బల్ల సొరుగులో పడేశాడు.

“పాటలు వింటూ పరీక్ష రాస్తావా?”

“అందులో పాటలు రావు. చప్పుడు ఆగుతుంది” అన్నాడు గణితం కుర్రాడు.

“చాల్లే, కూర్చో.” లెక్చరరు కుర్చీలో జారగిలబడి, పెన్ను మూత చెవిలో తిప్పుకుని, మూత చివర ఏమొచ్చిందో వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అద్దెచెయ్యి ముఖం తిప్పుకున్నాడు.

పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్న సాఫీగా సాగింది. రెండోది గుండె గురించి. ఆమె కళ్ళు మూసుకుని చెబుతోంది. అతను వంగి, ఆమె పెదవులకు చెవి దగ్గరగా పెట్టి రాస్తున్నాడు. “ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన రక్తం, కామా, సిరల ద్వారా, కామా, కుడి కర్ణికలోకి చేరుతుంది. ఫుల్‌స్టాప్.”

కుడి కాదు, ఎడమ. అతనికి తెలుసు. ఆ జవాబు పదకొండుసార్లు విని రాశాడు. కలం ఆగలేదు. ‘కుడి’ అనే రాసింది.

మూడో ప్రశ్న సగంలో ఉండగా తలుపు ధడాలున తెరుచుకుంది. తనిఖీ అధికారి, వెనకే సహాయ కేంద్రం మేడమ్. అధికారి జవాబుపత్రం లాక్కుని నాలుగు పేజీలు తిప్పాడు. అమ్మాయి గడ్డం మీద ఉమ్మి తడి చూసి, పత్రం పట్టుకున్న వేళ్ళు జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

“ఈ అమ్మాయి మాట్లాడటం నువ్వు విన్నావా?” అని లెక్చరర్ని అడిగాడు.

“ఏదో శబ్దం చేస్తుంది సార్. ఈయన రాసేస్తుంటాడు.”

అమ్మాయి ఏదో అంది. అధికారి ఆమె వంక చూడలేదు. “ఏమంటోంది?” అని అద్దెచెయ్యినే అడిగాడు.

“చెప్పమంటారా?”

“చెప్పవయ్యా.”

“‘మీకు అర్థం కాకపోతే తప్పు నాది కాదు, కామా, మీరు నా టైం తినేస్తున్నారు. ఫుల్‌స్టాప్.’ అంటోంది సార్.”

అధికారి మెడ ఎర్రబడింది. “వేళాకోళమా? సొంతంగా రాసుకుంటూ పైగా నాటకాలా?”

గణితం రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాడు. “ఆవిడ చెప్పింది. నేను విన్నాను. అరవకండి.”

“ఇతనెవరు?”

మేడమ్ గొంతు తగ్గించినట్టు నటిస్తూ, అందరికీ వినపడేలా చెప్పింది. “ఆటిజం సార్. పాపం. వీళ్ళ మాట పట్టించుకోకండి.”

అద్దెచెయ్యికి గుడ్డపేలిక వాసన కన్నా ఆ ‘పాపం’ ఎక్కువ కంపు కొట్టింది. లేచి నిలబడ్డాడు.

“సార్, మీరే ఒక వాక్యం రాసి ఆ అమ్మాయికి చూపించండి. నాకు చూపించొద్దు. తను చెబుతుంది, నేను రాస్తాను. తేలిపోతుంది.”

“నువ్వు నాకు పరీక్ష పెడతావా? రూల్సులో అలాంటిదేం లేదు.” అధికారి పత్రాన్ని బల్ల మీద పరిచి, దాని మీద అరచేత్తో కొట్టాడు. “ఇంత చక్కటి జవాబులు ఈ పిల్ల చెప్పిందంటే నమ్మాలా? ఇందులో ఒక్క తప్పు చూపించు. ఒక్కటి! సొంతంగా రాసేవాడు తెలిసి తెలిసి తప్పు రాయడుగా. చూపించు, మాట్లాడకుండా వెళ్ళిపోతాను.”

అధికారి బొటనవేలికి అంగుళం దూరంలో ‘కుడి కర్ణిక’ ఉంది.

అమ్మాయి అతనికేసే చూస్తోంది. ఆ మాట మీద వేలు పెడితే చాలు, పంతొమ్మిదేళ్ళ పని నిలబడుతుంది. కానీ పెడితే అది ఆమెకు తెలిసిపోతుంది. పరీక్ష మధ్యలో ఇక్కడ తప్పు చెప్పావని చెవిలో ఊదినట్టే. చెయ్యని దొంగతనం చెయ్యలేదని రుజువు చేసుకోవడానికి నిజంగానే దొంగతనం చెయ్యాలి.

“తప్పొప్పులు చూడటం నా పని కాదు సార్” అన్నాడు.

“దొరికావుగా” అన్నాడు అధికారి సంతృప్తిగా.

నివేదిక మేడమే రాసింది. రేపట్నుంచి ఇతను జాబితాలో ఉండడు. ఇప్పటికిప్పుడు వేరే మనిషి లేడు కాబట్టి, మానవతా దృష్టితో ఈ ఒక్క పేపరూ పూర్తి చెయ్యనిస్తున్నారు. సంతకం పెట్టమన్నారు. అతను పెట్టాడు. అధికారి బయటికెళ్ళి బోర్డు ముందు నిలబడి మేడమ్‌తో అన్నాడు. “మీరు చేస్తున్నది చాలా గొప్ప సేవండీ.”

పోయిన ఇరవై రెండు నిమిషాలూ ఎవరూ తిరిగివ్వలేదు. అద్దెచెయ్యి నేరుగా లెక్చరర్ బల్ల దగ్గరికెళ్ళి, సొరుగు లాగి, హెడ్‌ఫోన్లు తీసి గణితానికిచ్చాడు. పోయే ఉద్యోగం పోయాక భయమేముంది?

ఆమె చివరి ప్రశ్న ఆయాసపడుతూ పూర్తిచేసింది. గంటకు ఇంకా నాలుగు నిమిషాలుంది.

“రెండోది చదువు బాబాయ్.”

చెప్పింది తిరిగి చదివి వినిపించడం రూలు ఒప్పుకుంటుంది. అతను మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు. ‘కుడి కర్ణిక’ దగ్గర గొంతు ఆగబోయింది. ఆగనివ్వలేదు, ఒత్తనివ్వలేదు. ముందు వాక్యం ఎలా చదివాడో దీన్నీ అలాగే చదివి దాటేశాడు. ఇంకో రెండు వాక్యాలు వెళ్ళిపోయాయి.

“ఆగు. వెనక్కెళ్ళు.”

మళ్ళీ చదివాడు.

“కుడి కాదు. ఎడమ. కొట్టెయ్.”

ఒక్క గీత గీసి, పైన ‘ఎడమ’ అని రాశాడు. రాశాక కూడా కలం ఎత్తకుండా ఆ మాట మీదే ఉంచాడు. ఆమె ఆ చేతినీ, ఆ గీతనూ, ఆ తర్వాత అతని ముఖాన్నీ చూసింది.

“ఇందాక ఆయన అడిగినప్పుడు... నీకు తెలుసు కదూ?”

వరండాలో గంట మోగింది. “గంట కొట్టేశారమ్మా.”

“రేపు ఎవరొస్తారు?”

“ఎవరో ఒకరు.”

“వాళ్ళకి నా మాట అర్థం కాదు.”

అబద్ధం చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. “మొదట కాదు. విసుక్కుంటారు. మళ్ళీ చెప్పు, మళ్ళీ మళ్ళీ చెప్పు. వాళ్ళ కోసం కామాలు మాత్రం మానకు.”

తల్లి వచ్చి కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళింది. గణితం గుమ్మం దగ్గర ఆగి, గోడకేసి చూస్తూ “మీరు అరవలేదు” అని చెప్పి వెళ్ళిపోయాడు. అద్దెచెయ్యి ఫినాయిల్ డబ్బాలు మళ్ళీ లోపల పెట్టబోయి, వద్దనుకుని వరండాలోనే వదిలేశాడు.

మేడమ్ గదిలో కొత్త కరపత్రాల కట్టలు వచ్చి ఉన్నాయి. మెరిసే కాగితం, పేజీ పేజీకీ చక్రాల కుర్చీల బొమ్మలు. “గుర్తింపు కార్డు ఇచ్చెయ్యండి” అంది ఆమె తలెత్తకుండా. ఒక కట్ట విప్పుతూ, “మా మీద ఏం పెట్టుకోకండి. మీరు పెద్దవారు. ఆ పిల్లతో ఒక ఫొటో దిగి వెళ్ళుంటే బావుండేది, మా నివేదికకి పనికొచ్చేది” అంది.

అతను మెడలోంచి తాడు తీశాడు. పంతొమ్మిదేళ్ళుగా పక్కవాళ్ళ మాటలే రాసిన మనిషికి తన మాట వెంటనే అందలేదు. అందాక, అది ఈమెతో చెప్పదగ్గదిగా తోచలేదు. కార్డు బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు. అక్క ఇంటి దగ్గర ఏమంటుందో ముందే వినపడింది. “పోనీలేరా, వచ్చే ఏడు నీ పరీక్ష నువ్వే రాసుకో.” వీధిలో ఎండ చురుక్కుమంటోంది. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని, రోడ్డు దాటి, జనంలో కలిసిపోయాడు.

కాసేపటికి ఆయా టీ తెచ్చింది. కప్పు అంచు నుంచి ఒక చుక్క కిందికి జారుతోంది. కరపత్రాల మీద మరక పడుతుందని మేడమ్ చేతికందిన కార్డును కప్పు కింద పెట్టింది. ఫొటోలో నల్లటి మీసంతో, రెండు భుజాలూ సమంగా నిలబెట్టి, ముప్పై మూడేళ్ళవాడొకడు కప్పు కిందనుంచి నవ్వుతున్నాడు. అతని చుట్టూ టీ గుండ్రంగా, నెమ్మదిగా ఇంకుతోంది.