అరువు నడక

మా తమ్ముడు మా ఇంటికి వచ్చి వారం రోజులు ఉంటానంటే నేను ముందు నమ్మలేదు. మెట్ల మీద నుంచి పడి నా తుంటి విరిగినప్పుడు ఆసుపత్రికి వచ్చి తొంగిచూడనివాడు. ఫోన్ చేస్తే రిహార్సల్లో ఉన్నానన్నాడు. అలాంటివాడు రెండేళ్ళకి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, "నిన్ను చూడాలనిపించిందక్కా" అన్నాడు. అంతే, నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. సిగ్గులేని మనిషిని, ఏం చేస్తాం.

నేను బట్టలు కుడతాను. ముందుగదే నా దుకాణం. నేను కత్తిరింపు బల్ల నుంచి మిషన్ దగ్గరికి, మిషన్ నుంచి ఇస్త్రీ బల్ల దగ్గరికి తిరుగుతుంటే వాడు గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళప్పగించి చూసేవాడు. చిన్నప్పుడు అమ్మ పోయిన కొత్తలో కూడా నన్ను అలాగే కనిపెట్టుకుని ఉండేవాడు. ఆ సంగతి గుర్తొచ్చి మురిసిపోయాను.

"నీళ్ళివ్వక్కా" అనేవాడు. తెచ్చిచ్చి వెనక్కి వచ్చేలోపే "ఇంకాసిని" అనేవాడు. సాయంత్రమైతే మేడ మీదికి పోదాం రమ్మనేవాడు. నేను మెట్టెక్కడం చిన్న పని కాదు. తుంటి విరిగిన వైపు మోకాలి మీద అరచెయ్యి వేసి నొక్కి, నడుము పక్కకి విసిరి, అప్పుడు ఆ కాలిని పైకి లాక్కోవాలి. వాడు విసుక్కోకుండా పై మెట్టు మీద నిలబడి నాకోసం ఆగేవాడు. నా మొగుడు మహానుభావుడికి కూడా ఏనాడూ అంత ఓపిక లేదు.

"మా తమ్ముడికి నేనంటే ప్రాణం" అని ఎదురింటావిడకి చెప్పాను. పాపం, ఆవిడ చెవులు చిల్లులు పడేదాకా చెప్పాను.

వెళ్ళేటప్పుడు వాడు తన కొత్త నాటకానికి రెండు టికెట్లు నా చేతిలో పెట్టాడు. ఆ ఎదురింటావిడనే వెంటబెట్టుకుని వెళ్ళాను. మొదటి వరుసలో కూర్చున్నాం.

తెర లేచింది. వాడిది కాపలావాడి వేషం. ఇంకా నోరైనా విప్పలేదు. గేటు దగ్గర నుంచి మెల్లగా మెట్ల దాకా నడిచాడు. మోకాలి మీద అరచెయ్యి వేసి నొక్కాడు. నడుము పక్కకి విసిరాడు. కాలిని పైకి లాక్కున్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. రెండో మెట్టుకి వెనక నుంచి ఈలలు. ఎదురింటావిడ కూడా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. నా కాలి వంక చూసి గబుక్కున తల తిప్పేసుకుంది. హాలంతా నవ్వినదానికంటే ఆవిడ అలా ఆగిపోవడమే నన్ను ఎక్కువ కోసింది.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. వారం రోజులూ నేను మురిసిపోతూ నీళ్ళు మోశాను, మెట్లెక్కాను. వాడేమో నా కొలతలు తీసుకున్నాడు. బట్టలు కుట్టేదాన్ని, ఆ మాత్రం నాకు తెలియొద్దూ!

నాటకం అయిపోయాక బండి చూస్తానని చెప్పి ఎదురింటావిడ బయటికి జారుకుంది. తమ్ముడు, వాడి వెనకే దర్శకుడు నా దగ్గరికి వచ్చారు.

"ఈవిడేనా!" అన్నాడు దర్శకుడు, తెగ సంబరపడిపోతూ. "వీడికి గొంతుంది, మాటుంది. ఒళ్ళు మాత్రం కర్రలా ఉండేదమ్మా. మాటలదేముంది, ఎవరైనా అప్పజెప్తారు. మనిషెవరో ఒళ్ళు చెప్పాలి. మీ అక్క దగ్గరికి పోయి, ఎలా నడుస్తుందో చూసి రారా అని పంపింది నేనే."

చూడాలనిపించడం కూడా వాడి సొంతం కాదన్నమాట.

"ఎలా ఉందక్కా?" అన్నాడు తమ్ముడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"కాలు తప్పు. విరిగింది నా ఎడమవైపు. నువ్వు కుడికాలు ఈడ్చావు."

వాడు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! ఎదురుగా ఉండి చూశాను కదా, అద్దంలోలాగా తారుమారైపోయింది."

"ఏ కాలక్కా నొప్పి అని ఒక్కసారి అడిగినా తెలిసేది కదరా."

వాడు తల దించుకున్నాడు. దర్శకుడు ఏదో గొణిగి తప్పుకున్నాడు. హాలు ఖాళీ అయింది, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చారు. తమ్ముడు నా ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"లే అక్కా, ఇంటిదాకా దిగబెడతాను."

గొంతు మెత్తగా ఉంది. ఎంతైనా తోడబుట్టినవాడు, సిగ్గుపడ్డాడులే అనుకున్నాను. ఆ చెయ్యి పట్టుకుని సగం లేచి వాడి మొహంలోకి చూశాను. వాడు నా మొహం చూడటం లేదు. చూపంతా నా ఎడమకాలి మీదే ఉంది. చూస్తూనే తన ఎడమకాలిని మెల్లగా బిగబట్టుకుంటున్నాడు.

చెయ్యి వదిలేసి మళ్ళీ కూర్చున్నాను.

"నువ్వు పోరా. నువ్వు పోయాక లేస్తాను."