కడ్డీ మీద రెండో చెయ్యి

నేను ఒక మట్టి ముద్దను. మట్టి అనగానే పొలం గుర్తు తెచ్చుకోకండి, నాలో గింజ వేస్తే మొలవదు. మైనం, నూనె, మెత్తటి రాతిపొడి, కాస్త గోధుమరంగు కలిపి ఒక ఫ్యాక్టరీలో వేడివేడిగా పిసికితే పుట్టాను. వేడి తగిలితే మెత్తబడతాను, చల్లారితే బిగుసుకుంటాను, ఎన్నేళ్లున్నా ఎండిపోను. బొమ్మలు, నమూనాలు చేసుకునేవాళ్లు నన్ను కొంటారు. నన్ను సర్దిన పెట్టె మీద అందమైన కారు బొమ్మ ఉండేది. సరే, నేను కారునవుతానన్నమాట అనుకుని లారీలో దారి పొడవునా కులుకుతూ వచ్చాను. వచ్చాక మొట్టమొదట సబ్బుపెట్టెనయ్యాను.

నన్ను దింపింది విశాఖపట్నంలో, సముద్రం కనిపించే గుట్ట మీద ఉన్న ఒక డిజైన్ కాలేజీలో. అక్కడ పిల్లలు కుర్చీ ఎలా ఉండాలి, చెంబు ఎలా ఉండాలి, చెప్పు ఎలా ఉండాలి అని నాలుగేళ్లు చదువుతారు. మొదట నాకూ నవ్వొచ్చింది. చెంబు ఎలా ఉండాలో చెంబుకి తెలియదా? తరవాత తరవాత ఆ నవ్వు పోయింది. ఒక పిల్ల వేపాకు ముందు కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్నే చూడటం, ఒక పిల్లాడు కళ్లకు గుడ్డ కట్టుకుని గిన్నె అంచును వేళ్లతో తడిమి తడిమి చివరికి "అబ్బ!" అనడం కళ్లారా చూశాను. మనిషి దేనివైపైనా నిజంగా చూడటం మొదలుపెడితే, ఆ చూపు ముందు మనం నిలబడలేం.

నమూనాల క్లాసు వేదాద్రి మాస్టారిది. ఆయన గదిలో మూలన ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. నా కాపురం అందులో. పిల్లలు నన్ను తీసుకెళ్లి ఏదో ఒకటి చేస్తారు. మార్కులు వేసే రోజున బయటి నుంచి పెద్దలొచ్చి కూర్చుంటారు. దాన్ని జ్యూరీ అంటారు. అచ్చంగా కోర్టే, వకీళ్లు మాత్రం ఉండరు. అది అయిపోగానే ఎవరు చేసింది వాళ్లే, తమ చేతులతోనే నలిపి, మళ్లీ డ్రమ్ములో వెయ్యాలి. అది మాస్టారి నియమం. ఎంత బాగా వచ్చినా సరే, ఎవరు బతిమాలినా సరే. టార్చిలైటునై, ఏనుగునై, టీ కెటిలునై, ప్రతిసారీ నలిగి డ్రమ్ము చేరాను. నలిపేటప్పుడు కొందరు ఏడ్చారు. ఒకబ్బాయి నలుపుతూ ఫొటో దిగాడు. మనుషులు చిత్రమైనవాళ్లు.

ఇలా ఉండగా నేను పైడితల్లి చేతిలో పడ్డాను.

గజపతినగరం పక్కన పల్లె ఆమెది. రెండో సంవత్సరం. బొమ్మలు గీయడంలో దిట్ట. క్యాలెండర్‌లో ఏ బొమ్మ చూపించినా వెంట్రుక తేడా లేకుండా దించేసేది. చిన్నప్పటి నుంచి బళ్లో ప్రైజులన్నీ ఆ చేతికే వచ్చాయి. ఆ చెయ్యే ఇక్కడ ఆమెకు శత్రువైంది. ఏం చెయ్యమన్నా ముందు ఫోను తీసి ప్రపంచంలో ఎవరెవరు ఏం చేశారో వెతికేది. అందులో మంచిదాన్ని చూసుకుని చక్కగా చేసి పట్టుకొచ్చేది. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఎంతో మెల్లగా అడిగేవారు.

"బాగుందమ్మా. ఎవరిది?"

అంతే. తిట్టినా బాగుండేది. ఆ ఒక్క మాటకు పిల్ల మొహం మాడిపోయేది.

ఆ ఏడాది చివరి పని, సిటీ బస్సులో నిలబడేవాళ్లు పట్టుకునే కడ్డీకి ఒక మంచి పట్టు, అంటే చేతికి అమరే పిడి, తయారు చెయ్యడం. అంతకుముందు పనిలో పైడితల్లి గట్టెక్కలేదు. ఇందులోనూ పోతే సంవత్సరం మళ్లీ చదవాలి. కానీ ఆమె అంతకంటే పెద్దది తేల్చుకుంది. ఈసారీ నాది అన్నది ఒక్కటీ రాకపోతే, నాలో అసలేమీ లేదనే లెక్క, సీటు వదిలేసి ఇంటికెళ్లిపోతాను అనుకుంది. ఈ మాట పైకి అనలేదు. నన్ను పిసికే వేళ్లలో నాకు తెలిసిపోయింది.

క్లాసులో మిగతావాళ్లు ప్రేరణ కోసం బయల్దేరారు. ఒకడు అరకు వెళ్లాడు. ఒకమ్మాయి బీచిలో గవ్వలు ఏరుకొచ్చింది. ఒకడు జుట్టు పెంచాడు. పైడితల్లి వేళ్లకు గాడులున్న పట్టు చేసింది, గుడ్డులాంటి పట్టు చేసింది, మెలి తిరిగిన పట్టు చేసింది. మాస్టారు ప్రతిదాన్నీ మెచ్చుకున్నారు, ప్రతిదానికీ అదే ప్రశ్న వేశారు.

ఒకరోజు ఆమె విసుగెత్తి, నన్ను దీపం కింద వెచ్చబెట్టి మెత్తబరిచి, గుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది. నన్ను కడ్డీకి అద్ది, పైన తన చేతితో నొక్కి, ఎలా కుదురుతుందో చూద్దామని ఆమె ఆలోచన. మిట్టమధ్యాహ్నం. బస్సు కిక్కిరిసి ఉంది. ఆ ఎండకు నేను వెన్నలా ఉన్నాను.

కాలేజీ బయట మనుషుల చేతుల్ని చూడటం నాకదే మొదటిసారి. ఎన్ని చేతులు! గోరింటాకు చెయ్యి, గ్రీజు మరక చెయ్యి, వేళ్ల సందుల్లో నోట్లు మడిచి పెట్టుకున్న కండక్టరు చెయ్యి. మీరు వాటిని రోజూ చూస్తారు కనుక మీకేం అనిపించదు. ఏ రెండూ ఒకలా లేవు, అయినా అన్నీ ఒకే కడ్డీని పట్టుకుని వేలాడుతున్నాయి. అది చూసి నేను నివ్వెరపోయాను.

అంతలో రోడ్డుకు అడ్డంగా ఒక ఆవు వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సంతా ఒక్కసారి ముందుకు ఒరిగింది. పైడితల్లి పిడికిలి నా మీద బిగుసుకుంది. అదే క్షణంలో వెనకనుంచి "బాబోయ్!" అంటూ ఇంకో చెయ్యి వచ్చి, సగం ఆమె చేతి మీదా సగం నా మీదా పడి గట్టిగా పట్టుకుంది. ఎవరో ముసలమ్మ. కంటి ఆపరేషను అయినట్టుంది, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. ఆమె బొటనవేలూ చూపుడువేలూ నాలోకి దిగిపోయాయి. చూపుడువేలికి రాగి ఉంగరం కూడా ఉంది.

"పడిపోదునే తల్లీ! నీ సెయ్యి నొచ్చినాదేటి?" అంది ముసలమ్మ.

"లేదులే మామ్మా, పట్టుకో" అంది పైడితల్లి.

ముసలమ్మ పట్టుకుంది. తను దిగే చోటు వచ్చేదాకా వదల్లేదు. దిగుతూ "సల్లగుండు తల్లీ" అని జనంలో కలిసిపోయింది.

పైడితల్లి నన్ను కడ్డీ మీంచి ఊడదీసి, "ఛ, పాడైపోయింది" అనుకుంటూ సరిగ్గా చూడను కూడా చూడకుండా సంచిలో పడేసింది.

పాడైపోవడమా! నేను సంచిలో గిలగిల్లాడిపోయాను. అంతవరకూ నా మీద ఎన్ని రూపాలు వచ్చాయో! అన్నీ ఆలోచించి చేసినవే. ఇది ఆలోచన కాదు. పడిపోబోయిన మనిషి, పక్కనున్న మనిషిని పట్టుకుని నిలబడిన ఆనవాలు ఇది. ఇంత గొప్ప వస్తువును నేనెప్పుడూ మోయలేదు. మోస్తున్నానని చెప్పడానికి నోరు లేదు. చల్లారి, ఆ ఆనవాలును నాలో బిగించుకుని కూర్చున్నాను. నా చేతనైంది అదొక్కటే.

మర్నాడు పొద్దున్న క్లాసుగదిలో ఆమె నన్ను తీసి మళ్లీ దీపం కింద పెట్టింది, మెత్తబడ్డాక నలిపి కొత్తది మొదలుపెడదామని. దీపం వేడి నా అంచుల్లోకి దిగుతోంది. ఉంగరం గుర్తు కొంచెం కొంచెం చెదురుతోంది. అప్పుడే వాళ్లమ్మ ఫోను చేసింది.

"ఏటే పైడీ, గొంతలాగుంది? తిన్నావా, నేదా?"

"తిన్నాన్లే. అమ్మా... నాకిక్కడ అవట్లేదే. వచ్చేస్తాను."

"వచ్చేత్తావా? మరి సదువో?"

"నావల్ల అయ్యేది కాదమ్మా. అందరికీ ఏదో ఒకటి వస్తోంది. నాకే ఏటీ రావట్లేదు."

వాళ్లమ్మ అంది.

"రావాలనుంటే రా తల్లీ, ఎవులు వద్దంతారు? గానీ ఏడుస్తా రాకు. ఏడుపు అయిపోనియ్. అయిపోయినాక కూడా రావాలనిపిత్తే, అప్పుడు రా."

ఫోను పెట్టేసి పైడితల్లి కళ్లు తుడుచుకుంది. నన్ను దీపం కిందనుంచి తీసి రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. నొక్కబోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆమె చూపుడువేలు ఒక గుంటలో పడింది.

వేలు ఆగింది. గుంట పెద్దది, ఆ వేలికి వదులు. ఆమె పక్క వేలు పెట్టి చూసింది, బొటనవేలు పెట్టి చూసింది. ఏదీ కుదరలేదు. నన్ను పైకెత్తి కిటికీ వెలుగులో పట్టుకుంది. మొదటిసారిగా నన్ను చూసింది. పెదవులు కదిలాయి.

"ఎవరిది?" అంది తనలో తాను.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆమె దీపం ఆర్పేసింది. కుడిచేత్తో నన్ను బస్సులో పట్టుకున్నట్టే పట్టుకుంది. ఎడమచేతిని తెచ్చి, ఆ గుంటల్లో వేళ్లు పడేలా, కుడిచేతి మీద పెట్టింది. అలాగే కూర్చుండిపోయింది. ఆమెకు అర్థమవుతున్న కొద్దీ ఆ రెండు చేతులూ నా మీద మరింత కుదురుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. క్లాసులో అందరూ చేసిన పట్టులు ఒక్క చేతికోసం చేసినవే. కానీ మన బస్సుల్లో ఒంటరిగా ఎవరు పట్టుకుంటారు?

ఇక ఆమెను ఆపడం ఎవరి తరం? రోజూ బస్సెక్కేది. ఈసారి చేతుల్ని కాదు, చేతుల మీద పడే చేతుల్ని చూసేది. ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరి వేళ్లు ఒకరికి తగలగానే ఎలా సర్దుకుంటారో, ఎంత సేపటికి సర్దుకోవడం మానేసి ఊరుకుంటారో చూసేది. తిరిగొచ్చి నన్ను చెక్కేది. ఒక చేతికి నిండుగా చోటు, దాని పక్కనే, కాస్త పైకి, ఇంకెవరిదో తెలియని చేతికి ఇంకో చోటు. ఫోను ఎక్కడో సంచి అడుగున పడి ఉండేది. తనలోంచి ఒకటి వస్తుంటే మనిషి ఎంత నిశ్శబ్దంగా అయిపోతుందో నేను అప్పుడే చూశాను. ఆకలి గుర్తుండదు, పిలిస్తే వినబడదు. పక్కన పిడుగు పడినా అంతే.

ఒకరోజు మాస్టారు వచ్చి నన్ను పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు. ఏమీ అడగకుండానే వెళ్లిపోయారు. పైడితల్లి ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

జ్యూరీ రోజున ముగ్గురొచ్చారు. వాళ్లలో ప్రమీల గారు బస్సు బాడీలు కట్టే ఇంజనీరు, గట్టి మనిషి. ఒక పాత కడ్డీకి బిగించిన నన్ను చూసి నొసలు ముడిచారు.

"చెయ్యి పట్టేది ఇంత మేరే కదమ్మా. ఇంత పొడవెందుకు? దండగ."

"మీరొకసారి పట్టుకోండి మేడమ్" అంది పైడితల్లి.

ఆవిడ పట్టుకున్నారు. ఆ ముగ్గురిలోనే కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన పక్కన నిలబడి ఏదో రాసుకుంటున్నారు.

"సార్, బ్రేకు!" అని గట్టిగా అరిచింది పైడితల్లి.

ఆయన ఉలిక్కిపడ్డారు. పెన్ను కిందపడింది. చెయ్యి దానంతటదే వచ్చి ప్రమీల గారి చేతి పక్కన, సరిగ్గా ఆ చోట్లో కూర్చుంది. వేళ్లు వాటి గుంటల్లోకి జారిపోయాయి. రెండు చేతులూ నా మీద అలాగే ఉండిపోయాయి. తీసెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

"ఇది ఎలా తట్టింది నీకు?" ప్రమీల గారి గొంతు మెత్తబడింది.

"నాకు తట్టలేదండీ. ఒక మామ్మ పట్టుకుంది. ఆలోచనంటే మన తలకాయలోంచి రావాలని నేను ఇన్నాళ్లూ తల పట్టుకు కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంటే... నేను చూడనేలేదు, మర్నాటి దాకా. ఆవిడ పేరు కూడా అడగలేదండీ" అంది పైడితల్లి.

పైడితల్లి గట్టెక్కింది. ఎలా గట్టెక్కిందో మార్కుల్లో చెప్పను, అందరూ లేచి నిలబడ్డారని మాత్రం చెబుతాను.

అందరూ వెళ్లాక మాస్టారు నా దగ్గరికొచ్చారు. డ్రమ్ము వైపు చూశారు, నా వైపు చూశారు, ఎన్నడూ అనని మాట అన్నారు.

"ఈ ఒక్కదాన్ని ఉంచేద్దామమ్మా. అద్దాల బీరువాలో పెడదాం."

నిజం చెప్పాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏనుగునైనప్పుడు, కెటిలునైనప్పుడు నలిగిపోతానన్న బెంగ నాకెప్పుడూ లేదు. ఇలాగే ఉండిపోవాలని మొదటిసారి అనిపించింది. మనుషుల శాశ్వతం పిచ్చి నాకూ అంటుకున్నట్టుంది.

పైడితల్లి నన్ను కడ్డీ మీంచి తీసింది. నవ్వింది.

"బీరువాలో ఎవరికి బ్రేకు పడుద్ది మాస్టారూ?" అంది. "అయినా ఇందులో తప్పుంది. చిన్నపిల్లలకి అందదిది. మళ్లీ చెయ్యాలి."

నా మీద బొటనవేళ్లు పెట్టి నలిపేసింది. ఏడవలేదు, ఆగలేదు, ఆఖరిసారి చూసుకోలేదు. ఆ వేళ్లలో భయమన్నది వెతికినా లేదు. నలుగుతూ నలుగుతూ నేను ఆ పిల్లకు దణ్ణం పెట్టాను. మాస్టారు బీరువా తాళం జేబులో వేసుకుని, కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

నన్ను డ్రమ్ములో వేసి, చేతులు కడుక్కుని, ఆమె గుమ్మం దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది.

"మాస్టారూ, ఇందులోంచి ఒక ముద్ద తీసుకెళ్తానండీ. సెలవుల్లో చేతులు ఊరుకోవు."

ఆయన తల ఊపారు. ఆమె డ్రమ్ములో చెయ్యి పెట్టి, అందినంత తీసుకుంది. అలా ఆ పిడికిట్లోకి నేనొచ్చాను.

ఇప్పుడు విజయనగరం బస్సులో ఉన్నాను. పైడితల్లి ఇంటికి వెళ్తోంది, సెలవులకు. కిటికీలోంచి ఎటో చూస్తోంది, చెయ్యి మాత్రం సంచిలో నా మీదే ఉంది. వేళ్లు ఏదో మొదలుపెట్టాయి. అదేమిటో ఆమెకింకా తెలియదు. నేను కదలకుండా చూస్తున్నాను.