మూడుసార్లు వంతెన కింద

నేలవేము నూరేటప్పుడు ఎవరైనా మొహం పక్కకి తిప్పుకుంటారు. వార్సితి తిప్పుకోదు. ముప్పైనాలుగేళ్ళుగా ఆ చేదు ఆమె ముక్కులో కాపురం పెట్టేసింది. సన్నికల్లు ముందు మోకాళ్ళు మడిచి కూర్చుని, రెండు చేతులతో పొత్రాన్ని ముందుకీ వెనక్కీ లాగుతూ, పచ్చటి ముద్దని వేలితో దగ్గరికి తోసుకుంటోంది. పక్కన నానబోసిన బియ్యం, కచ్చూరాలు, పచ్చిపసుపు కొమ్ములు, చింతపండు, తాటిబెల్లం తమ వంతు కోసం కూర్చున్నాయి. జావా దీవిలోని సోలో పట్టణంలో తెల్లవారగానే ఏ సందులోంచి ఈ చప్పుడు వినిపించినా, ఆ ఇంట్లో జమూ మందునీళ్ళు అమ్మే ఆడమనిషి ఉన్నట్టే.

ఆమెకి అరవై ఒకటో ఏడు. మనిషి పొట్టి. బుట్టని వీపుకి కట్టుకునే గుడ్డ ఎడమభుజం మీద లాగీ లాగీ, ఆ భుజం కుడిదానికంటే రెండంగుళాలు దిగిపోయింది. నిలబడితే ఎవరిమాటో ఓరగా వింటున్నట్టుంటుంది. నిజానికి ఎవరిమాటా వినే రకం కాదు.

ఇల్లు ఒకటే గది, దానికో వసారా. కరోనా వచ్చాక ఆ గదే బడి, అదే ఆఫీసు, అదే ఆస్పత్రి అయింది. మనవరాలు నింగ్రుం పైన బడి చొక్కా, కింద పడుకునే పైజామా వేసుకుని, మిరపకాయల డబ్బాకి ఆనించిన ఫోన్‌లో టీచర్ మొహం కోసం వెతుకుతోంది. అల్లుడు హర్తాది పనిచేసే బట్టల మిల్లు మూతబడి నెలయింది. అతను అత్తగారి సీసాలు కడుగుతూ, ఒక్కో సీసానీ వెలుగుకి పెట్టి మిల్లులో గుడ్డని చూసినంత శ్రద్ధగా చూస్తున్నాడు. కూతురు రెత్నొ అన్నం వారుస్తోంది. ముందరి తలుపు మీద జిగురు మరక ఉంది. ఈ ఇంట్లోకి ఎవరూ రాకూడదని అంటించిన కాగితం పద్నాలుగు రోజులు అక్కడే ఉంది. నలుగురికీ పరీక్షలో ఏమీ లేదని తేలాక, మొన్ననే చింపేశారు.

ఆ కాగితం వార్సితి మొగుడు సమిది వల్ల వచ్చింది. ఫ్లైఓవర్ కింద బెచాక్ రిక్షా తొక్కే సమిది. దగ్గు మొదలైన నాలుగోరోజు అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది. బండెక్కేముందు మూతికి పెట్టిన మాస్కు కాస్త కిందికి లాగి ఒకే మాట అన్నాడు.

"వార్సితీ, నన్ను ఊరికే పంపేయకే. కింద నడవండి."

ఏ కింద అని ఆమె అడగలేదు. జావాలో అడగాల్సిన పనిలేదు. పోయినవాళ్ళ పెట్టెని భుజాలెత్తున లేపి పట్టుకుంటే, ఇంటి పెద్ద నుంచి చిన్న దాకా ఒకరి వెనక ఒకరు దాని కిందుగా మూడుసార్లు నడుస్తారు. బ్రొబొసాన్ అంటారు దాన్ని. సమిది తన తండ్రి కింద నడిచాడు, వార్సితి తన తల్లి కింద నడిచింది. అలా నడిస్తేనే పోయినవాళ్ళు పోయినట్టు, ఉన్నవాళ్ళు ఉన్నట్టు. కానీ ఇప్పుడు పెట్టె ఇంటికి రావడం లేదు. ఆస్పత్రిలోంచి నేరుగా ఖబరస్తాన్‌కి పోతోంది. పోయిన నెలలో పక్కింటి సుమార్ని మొగుడు అలాగే పోయాడు. డెబ్భై ఏళ్ళ సుమార్ని ఇప్పటికీ సాయంత్రం రెండు కంచాలు పెడుతోంది.

ఎనిమిది సీసాలు బుట్టలో సర్దుకుని, గ్లాసుల బకెట్టు చేత్తో పట్టుకుని, వార్సితి లేచింది. లేవడంలోనే ఆమె వయసు తెలుస్తుంది. ఒకసారి లేచాక తెలియదు.

సందు మొదట్లో వెదురుబొంగు అడ్డం కట్టి, సందు పెద్ద ముల్యాది కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో మైకు. ఈ రోగం రాకముందు అతనికో చిన్న కొట్టు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ మైకు వచ్చింది.

"అక్కా, ఇవాళ కూడానా? కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండొచ్చు కదా. జనం భయపడుతున్నారు."

"ముప్పైనాలుగేళ్ళు నా చేతి నీళ్ళు తాగినవాళ్ళకి ఇప్పుడు నేనంటే భయమా? మీ పెద్దాడు పుట్టినప్పుడు మీ ఆవిడకి నలభై రోజులు పోసింది ఎవరు తమ్ముడూ?"

"అదికాదక్కా..."

"బొంగెత్తు."

అతను ఎత్తాడు. ఆమె తలవంచకుండా దాని కింద నుంచి పోయింది. పొట్టిదవడం అప్పుడప్పుడు పనికొస్తుంది.

జనం నిజంగానే భయపడుతున్నారు. దర్జీ భార్య కిటికీలోంచి గ్లాసు బయటపెట్టి దూరం జరిగింది. బడి మేష్టారు గోడమీద పెట్టి వెళ్ళమన్నాడు. వార్సితి పోసింది, గోడమీద పెట్టింది, పోతూపోతూ "చేదు తాగాక తీపి తాగడం మర్చిపోకండి మేష్టారూ, మొహం అలాగే ఉండిపోతుంది" అని అరిచింది. లోపల్నుంచి నవ్వు వినిపించింది.

చేదు వెంట తీపి పోయడం ఆమె వృత్తిలో మర్యాద. నేలవేము నీళ్ళు ఒక గుక్క, వెంటనే చింతపండు పసుపు నీళ్ళు అర గ్లాసు. ఆ మర్యాద ఒప్పుకోనివాడు ఒక్క సమిదే. రోజూ పదిగంటలకి ఆమె ఫ్లైఓవర్ కిందికి చేరేసరికి, ఏడో స్తంభం దగ్గర రిక్షా ఆపుకుని ఉండేవాడు. హ్యాండిల్ కింద ఇనుపతీగతో చుట్ట చుట్టి, అందులో తన గ్లాసు కూచోబెట్టుకున్నాడు. అంచు కాస్త పగిలిన గ్లాసు. దాన్నిండా చేదు పోయించుకుని, ఒక్క గుక్కలో తాగేసి, తోటి రిక్షావాళ్ళ వైపు మొనగాడిలా చూసేవాడు. ఆమె తీపి సీసా తీస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"తీపి నీ గిరాకీలకి పోసుకో. నాకు నువ్వున్నావు చాలు."

"నేనేం తీపినా?"

"చేదు అలవాటైపోయిందంటున్నా."

రిక్షావాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆమె బకెట్లో నీళ్ళు తీసి అతని మీద చిలకరించేది. ముప్పై ఏళ్ళు ఇదే సరసం, ఇదే జోకు. కొత్తది కనిపెట్టాలని ఇద్దరికీ తోచలేదు.

ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. మొన్నా నిన్నా ఆమె ఒక చిన్న సీసాలో నేలవేము నీళ్ళు, ఒక ఉతికిన లుంగీ సంచిలో పెట్టి గార్డుకి ఇచ్చింది. లోపల అది సమిది నోట్లోకి పోతోందో, మోరీలోకి పోతోందో ఆమె అడగలేదు. ఇవాళ కూడా సంచి చాచింది. గార్డు చెయ్యి చాచలేదు.

"కూర్చో అక్కా," అన్నాడు.

బుట్ట వీపున ఉంటే కూర్చోవడం చిన్న పని కాదు. ఆమె నిలబడే ఉంది. సంచి చేతిలోనే ఉంది. గార్డు లోపలికి ఫోన్ చేశాడు, ఎవరో పచ్చగౌను వేసుకున్న అమ్మాయి వచ్చి, దూరంగా నిలబడి, తెల్లవారి ఏడింటికి అని చెప్పింది. తను సన్నికల్లు కడుగుతున్న వేళ అని వార్సితి లెక్కగట్టుకుంది. ఏడుపు రావాలి. దానికంటే ముందు కోపం వచ్చింది. పదహారు రోజులు ఒంటరిగా పడుకోబెట్టారు, ఇప్పుడు ఒంటరిగా పంపిస్తారు. అలా పంపనని మొగుడికి మాటిచ్చింది. నోటితో ఇవ్వలేదు గానీ, ఇచ్చింది.

ఆస్పత్రి గోడ పక్కన అంబులెన్సుల వరస. వాటి నీడలో కూర్చుని ఉన్న త్రియోనొ ఆమెని చూసి లేచాడు. ముప్పై ఏళ్ళ డ్రైవరు, ఆమె పాత గిరాకీ. తెల్లటి ముసుగు చొక్కా నడుం దాకా దించుకుని, చెమట ఆరబెట్టుకుంటున్నాడు. ఆమె మామూలుగా బియ్యం కచ్చూరాల నీళ్ళు పోసి గ్లాసు గట్టుమీద పెట్టి జరిగింది. అతను తాగాడు. తర్వాత చెప్పలేక చెప్పాడు.

"పెద్దమ్మా, పెదనాన్నని ఒంటిగంటకి నేనే తీసుకెళ్తున్నా."

"ఫ్లైఓవర్ మీంచేనా?"

"వేరే దారేముంది, రైలుగేటు మూసేశారుగా."

"పైన రెండు నిమిషాలు ఆపు నాయనా."

"ఆపకూడదు పెద్దమ్మా. ఇక్కణ్ణుంచి ఖబరస్తాన్ దాకా ఎక్కడా బండి ఆగకూడదని కాగితంలో రాసుంది. సంతకం కూడా పెట్టా."

"వంతెన ఎన్నిసార్లు ఎక్కాలో రాసుందా?"

త్రియోనొ గ్లాసు దించాడు. ఆమె మొహంలోకి చూశాడు. అందులో వేడుకోలు ఎక్కడా లేదు.

"లేదు," అన్నాడు మెల్లగా.

"అయితే మూడుసార్లు ఎక్కు. సైరన్ మోగిస్తూ రా. సరిగ్గా నడుమకి వచ్చాక హారన్ కొట్టు. కింద మేముంటాం."

"పక్కన కూర్చునేవాడు ఏమంటాడో..."

"వాడికి ఇవాళ రెండు గ్లాసులు పోస్తాను, ఇద్దరూ తాగి బయల్దేరండి."

రెత్నొకి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పింది. ముందు మీ నాన్న అని, తర్వాత ఏడో స్తంభం అని. కూతురి ఏడుపు ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుంది. తన ఏడుపు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఖబరస్తాన్‌లో ఇంటి తరఫున ఒక్క మనిషినే దూరంగా నిలబడనిస్తారు కాబట్టి హర్తాది అటు పోయాడు.

ఏడో స్తంభం దగ్గర సమిది రిక్షా ప్లాస్టిక్ పట్టా కప్పుకుని నిలబడి ఉంది. పదహారు రోజుల దుమ్ము. తీగచుట్టలో గ్లాసు ఉంది. నలుగురు రిక్షావాళ్ళు బేరాల్లేక తమ సీట్లలోనే జారబడి ఉన్నారు. వార్సితి బుట్ట దించి, విషయం చెప్పింది. నలుగురూ లేచి చెప్పులు తొడుక్కున్నారు.

ఆమె బుట్టలోంచి సీసాలు తీసి, వంతెన ఈ అంచున రోడ్డు మీద ఒక్కోటీ ఆరడుగుల దూరంలో నిలబెట్టింది. ఎనిమిది సీసాలు, పచ్చవీ పసుపువీ గోధుమరంగువీ. సీసాకి ఒక మనిషి.

రెత్నొ, నింగ్రుం వచ్చారు. వాళ్ళ వెనక కర్ర పట్టుకుని సుమార్ని వచ్చింది. ఆ వెనకే మోటార్‌సైకిల్ మీద ముల్యాది, మెడలో మైకు.

"బొంగు ఎత్తకపోతే కిందనుంచి దూరి వచ్చేశారక్కా వీళ్ళు! ఇది గుంపు. చట్టం ఒప్పుకోదు. అసలు ఈ బ్రొబొసాన్లు అవీ మతంలో ఎక్కడున్నాయి?"

"మీ నాన్న పోయినప్పుడు నువ్వు నడవలేదా?"

ముల్యాది చూపు రోడ్డు మీదికి మళ్ళింది.

"గుంపంటావా, ఆ సీసాలు చూడు. మనిషికీ మనిషికీ ఆరడుగులు. నువ్వు బియ్యం పంచినప్పుడు ముగ్గుతో గీసిన గీతల కంటే సరిగ్గా ఉన్నాయి. ఎక్కువైతే టేపు తెచ్చి కొలువు. కానీ మా ఆయన వస్తున్నాడు, అడ్డం నిలబడకు."

ముల్యాది మైకు నోటిదాకా ఎత్తాడు. అప్పుడే దూరంగా సైరన్ వినిపించింది. ఆ జూలైలో పొద్దస్తమానం సైరన్లే. పిల్లలు కూడా ఆటలు ఆపి చూడటం మానేశారు. ఇది మాత్రం వంతెన ఎక్కుతూ ఎక్కుతూ నెమ్మదించింది. నెత్తిమీద కాంక్రీటు సన్నగా వణికింది. హారన్ రెండుసార్లు మోగింది.

వార్సితి మొదట అడుగేసింది. ఎడమభుజం దిగిపోయిన మనిషి, తల ఎత్తి, వంతెన ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నడిచింది. ఆమె వెనక రిక్షావాళ్ళు వయసు వరసన, వాళ్ళ వెనక రెత్నొ, చివర్న బడి చొక్కా మీదనే ఉన్న నింగ్రుం. అవతలి ఎండలోకి వచ్చి, స్తంభం చుట్టి, మళ్ళీ సీసాల దగ్గరికి చేరారు. సైరన్ అటు దిగిపోయింది. కాసేపు ఏమీ లేదు.

"మళ్ళీ వస్తాడా అమ్మమ్మా?" నింగ్రుం అడిగింది.

"రాకేం చేస్తాడు. ఇద్దరూ నా జమూ తాగారు."

వచ్చింది. రెండోసారి నడిచారు. ఈసారి రెత్నొ మధ్యలో ఆగి వంతెన అడుగుభాగం వైపు చూసి "నాన్నా" అంది. వెనక నింగ్రుం కూడా ఆగింది, ఆరడుగులు తప్పకుండా.

మూడోసారికి అంతా నిలబడ్డాక, అప్పటిదాకా పక్కన కర్ర మీద ఆనుకుని ఉన్న సుమార్ని పిలిచింది.

"నాది కూడా కలుపుకోవే వార్సితీ. మా ఆయన కూడా ఈ వంతెన మీంచే పోయాడు. ఆరోజు నాకీ ఆలోచన రాలేదు."

వార్సితి తన సీసా దగ్గర్నుంచి ఒక సీసా వెనక్కి జరిగింది.

"నువ్వు పెద్దదానివి. ముందుకి రా."

హారన్ మోగింది. సుమార్ని కర్ర టక్కు టక్కుమంటూ ముందు నడిచింది. ముసలి నడక కాబట్టి వరసంతా ఆగి ఆగి కదిలింది, పైన త్రియోనొ కూడా బండిని నత్తనడకన పోనిచ్చినట్టున్నాడు. ముల్యాది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మైకులో అతని గొంతు కాదు, ఊపిరి వినిపిస్తోంది, స్విచ్ ఆపడం మర్చిపోయాడు. అవతలి అంచు దాటాక వార్సితి వెనక్కి తిరిగి, చిట్టచివర మనవరాలు నీడలోంచి ఎండలోకి వచ్చేదాకా చూసింది. అప్పుడు ఏడ్చింది. గట్టిగా, దాచుకోకుండా, రోడ్డంతా వినేలా ఏడ్చింది. సైరన్ ఖబరస్తాన్ వైపు దూరమైపోయింది.

సాయంత్రం సుమార్ని ఒక్క కంచమే పెట్టుకుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం, రేపు తనకీ ఒక గ్లాసు చేదు కావాలని చెప్పి వెళ్ళింది.

వార్సితి మొహం కడుక్కుని సీసాలు ఏరి బుట్టలో సర్దుకుంది. గిరాకీలు ఇంకా మిగిలి ఉన్నారు, అటు వైపు సందులు పోయాల్సినవి అలాగే ఉన్నాయి. రెత్నొ వద్దంటే వినలేదు. వెళ్ళేముందు రిక్షా మీది పట్టా తొలగించి, హ్యాండిల్ దుమ్ము కొంగుతో తుడిచింది. తీగచుట్టలోంచి గ్లాసు తీసి, బకెట్లో కడిగి, అంచుదాకా చేదు పోసి మళ్ళీ దాని చోట పెట్టింది. అలవాటుగా తీపి సీసా మీదికి పోయిన చెయ్యిని వెనక్కి తీసుకుంది.

ఆమె బుట్ట వీపునేసుకుని మలుపు తిరిగాక, ఏడో స్తంభం దగ్గర, పైన లారీ పోయినప్పుడల్లా తీగచుట్టలో ఆ అంచు పగిలిన గ్లాసు కాస్త కదులుతోంది, ఒలకడం లేదు.