సుందరమ్మ వాటాలో దీవి చిమ్మటలు

తెల్లారగానే సుందరమ్మ చేసే మొదటి పని కుళాయికి స్నానం చేయించడం. అశోక్‌నగర్‌లో ఆ లోగిలి వాళ్లందరికీ అదొక్కటే కుళాయి. దాన్ని ఎవరెవరు ఏ చేతులతో తిప్పారో తలుచుకుంటేనే ఆవిడకి డోకు వచ్చేది. చింతపండుతో తోమేది, బూడిదతో తోమేది, ఆపైన బిందెలు నింపుకుని తన పెరటి వాటా చుట్టూ గుమ్మరించేది. ముందు గడప, వెనక దొడ్డి, రెండు పక్కల సందులు. షాబాదు బండల మీద ఆ నీళ్లు చీలమండ లోతున నిలిచేవి. ఇంకిపోయేలోపే దొడ్లో ఉన్న బావిలోంచి తోడి మళ్లీ పోసేది. అసలు పేరు బాలత్రిపురసుందరి. భీమవరం నుంచి ఉద్యోగం మీద వచ్చి ఏళ్లు గడిచినా ఈ ఊళ్లో ఎవరింటా మంచినీళ్లు ముట్టలేదు, ఎవరినీ ఆ నీళ్లు దాటి రానివ్వలేదు.

అరవై తొమ్మిదో సంవత్సరం వేసవిలో ప్రత్యేక రాష్ట్రం కోసం బందులూ ఊరేగింపులూ ముదిరి, హిమాయత్‌నగర్‌లో ఆవిడ ఆఫీసు మూతపడింది. ఇక చూసుకోండి, పొద్దస్తమానం కడుగుడే. ఒకనాడు లేచేసరికి గోడల నిండా చిమ్మటలు.

మామూలు దీపం పురుగులు కావు. ఒక్కొక్కటి రెండు అరచేతులంత. ఇటుక రంగు రెక్కలు, వాటి మధ్య గాజు పెంకుల్లాంటి మచ్చలు, నూగు నూగుగా బలిసిన పొట్ట. ముట్టుకుంటే వేళ్లకి పొడి అంటుకునేది. తలుచుకుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది.

ముందు వాటాలో జగన్నాథరావు ఉండేవాడు. నారాయణగూడలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. కాలేజీ కూడా మూసేశారు కాబట్టి తీరిగ్గా వచ్చి నీళ్ల అంచున నిలబడి చూశాడు.

"ఇవి అండమాన్‌లో ఉండేవండీ. చుట్టూ నీళ్లున్న నేల మీద తప్ప బతకవు."

"మరి ఇక్కడికొచ్చి ఎందుకు చచ్చాయి?"

ఆయన నీళ్లని అటూ ఇటూ చూసి, "ఉన్నాయి కదండీ," అన్నాడు.

నిజమే కదా అన్నట్టు ఆవిడా తలూపింది. లోగిట్లో ఎవరికీ అందులో వింత కనపడలేదు. చిమ్మటలు కూడా నీళ్ల అంచుదాకా ఎగిరి వెనక్కి తిరిగేవి గానీ, ఇంకొకరి వాటా జోలికి పోలేదు.

"ఆ దువ్వెన పళ్లలాంటి మీసాలు చూశారూ, అవి మగవి," అన్నాడు జగన్నాథరావు. "ఎంతో దూరాన ఉన్న ఆడదాని వాసన కూడా వాటితోనే పసిగడతాయి."

"ఛీ ఛీ, పొద్దున్నే ఏం మాటలండీ అవి!"

"నోరు మాత్రం ఉండదు పాపం. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న కొవ్వే ఆధారం. అది కరిగిపోగానే రాలిపోతాయి."

సుందరమ్మ చీపురుతో కొట్టింది, పొగ పెట్టింది. అవి పోలేదు సరికదా, దొడ్లోని నిమ్మచెట్టు నిండా గొంగళిపురుగులు పుట్టాయి. సున్నం చల్లినట్టు తెల్లటి పొడి కప్పుకుని, వేలు లావున ఉండేవి. కర్రతో కదిపితే ఘాటైన రసం మొహం మీదికి చిమ్మేవి. గూట్లోంచి అప్పుడే బయటపడ్డ చిమ్మట దండెం మీది మడిచీరంతా గోధుమరంగు రొచ్చు కార్చింది. చారు గిన్నెలో రెక్కల పొడి, పాల మీద నూగు. ఆవిడ చారు పారబోసింది, పాలు పారబోసింది, చివరికి పొయ్యి వెలిగించడమే మానేసింది.

జగన్నాథరావు భార్య కమలాకుమారి పులిహోర తెచ్చి నీళ్ల అవతల నిలబడింది.

"కాస్త తినండి పిన్నిగారూ."

ఉల్లిపాయలు కోసే కత్తిపీట ఉన్న ఇంట్లో వండిన పులిహోర! సుందరమ్మ ముక్కు మీద కొంగు కప్పుకుంది. "వద్దమ్మా. భీమవరంలో మా అమ్మ పోసిన నెయ్యి ఇంకా ఒంట్లో ఉంది. దాంతోనే గడిచిపోతుంది."

ఆ మాట విన్న జగన్నాథరావు గోడ మీది చిమ్మటల వంక చూశాడు. నోరులేని పురుగు ఎన్నాళ్లుంటుందో ఆయనకి తెలుసు.

అనుకున్నంతా అయింది. ఒక మధ్యాహ్నం సుందరమ్మ బకెట్టుతో సహా గడపలో కూలబడిపోయింది. పెదాలు ఎండి అతుక్కుపోయాయి. చిమ్మటలు వచ్చి జుట్టు మీద, చెంపల మీద వాలాయి. మొగుడూ పెళ్లాం పరుగున వచ్చి నీళ్ల అంచున ఆగిపోయారు. లోపలికి వెళ్తే ఆవిడ మడి చెడుతుందట! ఇలాంటి మర్యాద చూస్తే నాకు చిమ్మటల కన్నా ఎక్కువ రోత.

పక్క స్థలంలో మేడ కడుతున్నారు. అక్కడ పాలమూరు నుంచి వచ్చిన మాసమ్మ ఇసక మోస్తోంది. గంపతో అటుగా వచ్చి చూసింది.

"ఏంది సారూ, మనిషి పడిపోతే గట్లనే చూసుకుంట నిలవడ్డరు?"

"మడి అమ్మా. ఆవిడ ఒప్పుకోరు," అన్నాడు జగన్నాథరావు.

"పానం పోయినంక ఒప్పుకుంటదా? జర జరుగుండ్రి."

గంపెడు ఇసక నీళ్లలో కుమ్మరించింది. చాలలేదు. మళ్లీ తెచ్చింది, మళ్లీ కుమ్మరించింది. ఇసక గడప దాకా తగలగానే చిమ్మటలన్నీ ఒక్కసారి లేచి, అందరి నెత్తిన పొడి రాల్చి, ప్రహరీ అవతలి గోడ మీద వాలాయి. దీవి కానిచోట వాటికేం పని?

మాసమ్మ సిమెంటు కాళ్లతో నడిచి వెళ్లి, ఆవిడ తలని ఒళ్లో పెట్టుకుని, పని చోటు నుంచి తెచ్చిన తన సత్తుగిన్నెలోని అంబలిని వేలితో కలిపి నోట్లో పోసింది. ఆ వేలి గోట్లో నల్లటి మట్టి ఉంది. అంబలి పుల్లటి కంపు కొడుతోంది. స్పృహ వచ్చిన సుందరమ్మ కళ్లు తిప్పి ఉమ్మబోయింది. మాసమ్మ అరచేత్తో నోరు మూసింది.

"మింగమ్మా. మింగు."

మింగింది. ఏడుస్తూ, అసహ్యించుకుంటూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా మింగింది.

మర్నాడు పొద్దున సుందరమ్మ గోడ పట్టుకుని బకెట్టుతో వచ్చింది. ఇసక మీద అందరి అడుగులూ ఉన్నాయి. కుక్క కూడా నడిచింది, ఎవరో బీడీ ముక్క పారేశారు.  అవతలి గోడ మీద చిమ్మటలు రెక్కలు పరుచుకుని ఎదురుచూస్తున్నాయి. రెండు బకెట్ల నీళ్లు పోస్తే ఇసక కొట్టుకుపోతుంది, అవి వచ్చేస్తాయి. ఆవిడ బకెట్టు ఎత్తి పట్టుకుంది. తర్వాత బకెట్టు కింద పెట్టి, వెళ్తున్న మాసమ్మని కేకేసింది.

"ఇదిగో అమ్మాయ్, నిన్న నా నోట్లో పోసిందేమిటి?"

"అంబలమ్మా. ఎందుకు, కడుపు నొస్తుందా?"

"ఛీ, ఒట్టి ఉప్పు కషాయం," అంది సుందరమ్మ మొహం చిట్లించి. "ఇవాళ కాస్త తక్కువ వెయ్యి."